ఆ 10 వేల లెక్క తెలుగులో చదివి వినిపించండి

సంపాదకుడికి నమస్కారం.

మా ఊరి ఆరోగ్య కమిటీకి ఏటా ఉన్న 10 వేల రూపాయల నిధి గురించి, మాకు చదవరాని కాగితాల గురించి ఈ ఉత్తరం. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో అంకీసా దగ్గర, తెలుగు మాట్లాడే పల్లె. జిల్లా దవాఖానకు పోవాలంటే 200 కిలోమీటర్ల పైమాటే. అందుకే గోదావరి మీద వంతెన వచ్చాక, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మా చూపు అవతలి గట్టు మీది తెలంగాణకే పోతోంది. మంచిర్యాలో వరంగలో అనుకుని జీపు మాట్లాడుకుంటాం. ఊళ్లోనే పసిగట్టగలిగే జబ్బును ముదరబెట్టుకుని బయల్దేరుతాం కాబట్టి అప్పుల పాలవుతున్నాం.

నా ఇంటి సంగతే చెబుతాను. పెద్ద మనవడు పుట్టిన పదో రోజున పాలు తాగడం మానేశాడు. దిష్టి తగిలిందనుకుని ఊరుకున్నాం. రెండు రోజులకు డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. రాత్రికి రాత్రి నది దాటి ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. పిల్లాడు దక్కాడు, కాడెడ్లు పోయాయి. ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో ఒక్కరూ చెప్పలేదు. అడిగే ధైర్యం మాకూ లేకపోయింది.

రెండో మనవడి వేళకు మా ఊరి ఆరోగ్య కార్యకర్త, ఆశ అక్క ఏడో రోజున ఇంటికొచ్చింది. బిడ్డను తూకం వేసింది, పాదాలు చల్లగా ఉన్నాయని చూసింది, గడియారం ముందు పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 60 దాటింది. ఇంక ఆలస్యం చేయొద్దని మా కోడలికి తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పి, తానే వెంట వచ్చి సిరోంచ సర్కారు దవాఖానలో చూపించింది. మాకు బండి కిరాయి తప్ప ఇంకో ఖర్చు కాలేదు.

ఈ పద్ధతి పుట్టింది మా జిల్లాలోనే అని చాలామందికి తెలియదు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1980ల మధ్యలో మొదలుపెట్టిన ‘సెర్చ్’ సంస్థ 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పింది. 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, మూడో ఏటికల్లా అక్కడ నెలలోపు బిడ్డల మరణాలు ఈ ఏర్పాటు లేని పల్లెలతో పోలిస్తే 62 శాతం తగ్గాయి. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు 5.3 డాలర్లు. 18 మంది బిడ్డలను చూసుకుంటే ఒక ప్రాణం నిలిచింది. 2011 నుంచి దేశమంతటా ఆశాలు ఇదే పని చేస్తున్నారు. దవాఖానలో కాన్పయితే ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు బాలింత ఇంటికి వెళ్లాలి. అన్నిసార్లు తిరిగినందుకు మొదట్లో కేంద్రం పెట్టిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆ మాట తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

సెర్చ్ వాళ్లు దవాఖాన కట్టే ముందు ఆదివాసీలను అడిగారు, మీకెలాంటిది కావాలని. పెద్ద కట్టడాలంటే భయం, మా వాళ్లు పక్కనే ఉండాలి అన్నారట. అందుకే అక్కడ గుడిసెల్లాంటి వార్డులు, వాళ్లు కొలిచే దంతేశ్వరీ మాత పేరు. జనం భాగస్వామ్యం అంటే నాకు తెలిసింది ఇదే. ముందు అడగాలి. డాక్టరు పోస్టు ఖాళీగా పెట్టి, మీ ఊరి ఆరోగ్యం మీరే చూసుకోండి అంటే మాత్రం ఒప్పుకోం.

మరి మమ్మల్ని అడుగుతున్నారా? ప్రతి ఊరికీ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ ఉండాలి. దానికి ఏటా 10 వేల రూపాయల దాకా నిధి ఉంది. కాలువ తీయించడానికి, దోమల మందు కొట్టించడానికి, పేదింటి గర్భిణిని బండెక్కించడానికి వాడుకోవచ్చు. మలేరియాకు పేరుపడ్డ జిల్లా మాది, ఆ డబ్బు చిన్నదేం కాదు. కానీ మా ఊళ్లో కమిటీలో ఎవరున్నారో నలుగురిని అడిగితే నలుగురూ తలలూపారు, తెలియదని. కాగితాలు మరాఠీలో, దవాఖాన గోడ మీద బొమ్మల కింద రాతలు మరాఠీలో. ఆ భాష మీద మాకు కోపం లేదు, మా పిల్లలు చదివేది అందులోనే. కానీ బాలింతకు, ముసలమ్మకు రాదు. ప్రమాద లక్షణాలు చదవలేని భాషలో రాస్తే ఎవరి కోసం రాసినట్టు?

తాలూకా ఆరోగ్య అధికారులకు నా విన్నపం. తెలుగు మాట్లాడే ఊళ్లలో కమిటీ మీటింగు తెలుగులో పెట్టండి, ఆశాలకు శిక్షణ పుస్తకం తెలుగులోనూ ఇవ్వండి. ఉచిత వైద్యానికి సర్కారు ఇచ్చే ఆయుష్మాన్ కార్డు, ఒప్పందం ఉన్న దవాఖానల్లో రాష్ట్రం దాటినా చెల్లుతుంది. నది అవతల అలాంటివి ఏవేవి, ఏ జబ్బుకు ఎక్కడికి పోవాలో పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. కార్డు ఇంట్లో పెట్టె అడుగున పెట్టి వడ్డీకి డబ్బు తెచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

వచ్చే గ్రామసభలో నేను లేచి, ఆ 10 వేల లెక్క తెలుగులో చదివి వినిపించమని అడగబోతున్నాను. అసరెల్లి, సిరోంచ వైపు ఊళ్లవాళ్లు కూడా మీ సభల్లో అడగండి.

ఇట్లు,
ఒక రైతు,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర