టీవీ లేని పదకొండు రోజులు

హైదరాబాద్, చిక్కడపల్లి
ఆషాఢం, ఆదివారం

చి. చిట్టితల్లికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నెలాఖరు ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యమైంది. కబుర్లన్నీ మీ అమ్మ ముందే ఫోనులో వలిచి పెట్టేస్తుంటే నాకు తొక్కలు మిగులుతున్నాయి. అందుకే టీవీ సంగతి మాత్రం నీకు చెప్పవద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాను.

పోయిన నెల మొదట్లో పెద్ద వాన కురిసిన రాత్రి కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మూడోసారి వచ్చేసరికి టీవీలో మాట ఉంది, బొమ్మ లేదు. బాగుచేసే కుర్రవాడు వెనక మూత విప్పి చూసి, లోపలి బోర్డు పోయిందని, కొత్తది రెండు రోజుల్లో తెస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ రెండు రోజులు పదకొండయ్యాయి.

మీ అమ్మ ఏమాత్రం చలించలేదు. సీరియల్‌ను రేడియోలా వినడం మొదలుపెట్టింది. డప్పు మూడుసార్లు మోగితే అత్తగారు నిర్ఘాంతపోయినట్టు, వీణ మోగితే కోడలు కన్నీళ్ళు తుడుచుకున్నట్టు. "బొమ్మ లేకపోయినా లోటేమీ తెలియడం లేదండీ" అంది. నాకు వార్తల దగ్గర తెలిసింది. బొమ్మ ఉన్నప్పుడు ఆరు పెట్టెల్లో ఆరుగురు అరుస్తున్నా ఎవరో ఒకరి మాట వింటున్నానని భ్రమపడేవాణ్ణి. బొమ్మ పోయాక చూస్తే అచ్చం మోండా మార్కెట్ గోల. అక్కడైతే చివరికి టమాటాలు కిలో ఎంతో తేలుతుంది.

మూడో రోజు అటక మీది ట్రాన్సిస్టర్ దించాను. 102.8లో వివిధభారతి ఇంకా పలుకుతోంది. పాటకు ముందు రాసినదెవరో, బాణీ కట్టినదెవరో, పాడినదెవరో వరుసగా చెప్పారు. మీ ఫోన్లలో పాట వస్తుంది, హీరో బొమ్మ వస్తుంది. రాసినవాడి పేరు వెతుక్కోవాలి. నువ్వేమో సినిమాలు ఒకటిన్నర వేగంతో చూస్తున్నానన్నావు. ఆ మిగిల్చిన గంటతో ఏం చేస్తున్నావో వచ్చే ఉత్తరంలో రాయి.

సాయంత్రాలు కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళాను. కుర్చీ దొరికితే ఒట్టు. పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే వచ్చి, పక్కన నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంటారు. ఒకరోజు ఎవరో లేచి నాకు చోటిచ్చారు. వారపత్రికలో పదవినోదం నింపుకోవడానికి ఒక ఉద్యోగార్థి కుర్చీ లాక్కున్నానా అనిపించి పది నిమిషాల్లో లేచి వచ్చేశాను.

ఇంట్లో ఖాళీగా కూర్చుంటే కనబడేవి వేరు. మీ అమ్మ పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించదు. చిన్న ముక్క ప్యాకెట్‌కే వేలాడుతూ ఉండేలా వదిలేస్తుంది. పాలు పోశాక అందులో కాసిని నీళ్ళు పోసి, కలియబెట్టి, ఆ తెల్లనీళ్ళు కరివేపాకు కుండీలో వంచుతుంది. ముక్క తెగితే సింకులోకి పోతుందట. ముప్పై ఏళ్ళుగా నేను కత్తిరించిన ప్రతి ముక్కనూ తానే ఏరిందట. ఈ సంగతి నాకు ఇప్పుడు చెప్పింది! నల్లా నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే రోజు విడిచి రోజు. మోటారు వేయడం నా పని, ఆపడం మరిచిపోవడమూ నా పనే.

బోనాలు గోల్కొండలో మొదలయ్యాయి, సికింద్రాబాద్ అయింది, ఇక లాల్ దర్వాజా. మన వీధి మైకుల గురించి రాయను. నీకక్కడికే వినిపించి ఉంటాయి.

పన్నెండో రోజు టీవీ బాగైంది. పెట్టగానే మాయాబజార్, రంగుల్లో. 1957 నాటి సినిమాకు 2010లో రంగులద్దారు. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే తెలుపు నలుపుల్లోనే అంత వెన్నెల కురిపించాక మళ్ళీ రంగెందుకని నా గొడవ. మీ అమ్మ రంగులకే ఓటు వేస్తుందనుకున్నాను. కాసేపు చూసి, "చిన్నప్పటి నుంచీ శశిరేఖకు నాకు నచ్చిన రంగు చీర నేనే కట్టుకుంటూ వచ్చాను. వీళ్ళెవరు తేల్చడానికి?" అని రిమోట్‌లో రంగు పూర్తిగా తగ్గించేసింది. అలా తగ్గించవచ్చని నాకు తెలియదు. ఆఖరు దాకా తెలుపు నలుపుల్లోనే చూశాం.

బోర్డుకు 3,200 అయింది. ఖర్చుల పుస్తకంలో "దుబారా" కింద రాశాను. మర్నాడు చూస్తే అది కొట్టేసి "వైద్యం" కింద ఎక్కించి ఉంది, మీ అమ్మ దస్తూరీలో. రాత్రి తొమ్మిదికి టీవీ కట్టేసి రేడియో పెట్టాలని ఇద్దరం నియమం పెట్టుకున్నాం. నాలుగు రోజులు తొమ్మిది. ఇప్పుడు పదిన్నర.

ఆవకాయ సీసా పంపాం, అందే ఉంటుంది. అయిపోయాక పారేయకు. సీసా మనదే కానీ మూత పక్కింటివాళ్ళది. వాళ్ళు అప్పుడే రెండుసార్లు అడిగారు.

మీ నాన్న