బడి గ్రంథాలయాన్ని పాఠం చెప్పేవారికి అప్పగించండి

సంపాదకులకు నమస్కారం.

బ్యాంకాక్‌లోని ఒక అంతర్జాతీయ పాఠశాలలో ఉపాధ్యాయినిగా, గ్రంథపాలకురాలిగా కొన్నేళ్లు పనిచేసి తిరుపతికి తిరిగి వచ్చాను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్సు చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, అక్కడ జీతం ఎంత, వీసా ఎలా వస్తుంది అని అడుగుతుంటారు. డిగ్రీలకు విదేశాంగ శాఖ ధ్రువీకరణ, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్సు, థాయ్‌లాండ్‌లో పాఠం చెప్పడానికి అక్కడి ఉపాధ్యాయ మండలి ‘ఖురుసఫా’ లైసెన్సు కావాలని, లైబ్రరీ సైన్సుతో పాటు బి.ఇడి. కూడా ఉంటే మేలని చెప్పి పంపుతాను. అయితే ఆ ఉద్యోగాన్ని అక్కడి పాఠశాలవాళ్లు ఎలా తీర్చిదిద్దారన్న సంగతి, విదేశాలకు వెళ్లే కొద్దిమంది కన్నా, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇక్కడే చదువుకునే పిల్లలకు ఎక్కువ అవసరమని నా నమ్మకం.

అక్కడ గ్రంథపాలకురాలు కూడా బోధనా సిబ్బందిలో ఒకరు. ప్రాథమిక తరగతులన్నింటికీ వారానికో లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్‌లోనే ఉండేది. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి ఇచ్చేసే అలవాటు లేదు. ఏ తరగతిలో ఏ పాఠం నడుస్తోందో ముందే తెలుసుకుని, దానికి తగిన పుస్తకాలు బయటికి తీసి పెట్టడం, వాటితో పాఠం నడపడం నా పని. ఒకసారి నాలుగో తరగతి పిల్లలు సౌర కుటుంబం గురించి చదువుతుండగా, గ్రహాలు తొమ్మిదని ఒక పుస్తకంలోను, ఎనిమిదని మరో పుస్తకంలోను ఉండటంతో ఇద్దరు వాదులాడుకుంటూ నా దగ్గరికి వచ్చారు. ఏది సరైనదో నేను చెప్పలేదు. పుస్తకం పేరున్న పేజీ తిప్పి, దాని వెనుక అచ్చయిన సంవత్సరం చూడమన్నాను. ఆ రెండు సంవత్సరాల మధ్య ఏం జరిగిందో వెతకమంటే, 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించిందని ఇంకో పుస్తకంలో వాళ్లే పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ తరగతి పిల్లలు ఏ పుస్తకం తీసినా ముందు ఆ పేజీ చూసి, ఎప్పటిదో తెలుసుకున్నాకే చదవడం మొదలుపెట్టేవారు.

ఇలా చిన్న తరగతుల్లో మొదలైన అలవాటే పెద్ద తరగతుల్లో అక్కరకు వస్తుంది. 1968లో జెనీవాలో మొదలై, అనేక దేశాల పాఠశాలలకు పాఠ్యప్రణాళిక అందిస్తున్న ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ వారి డిప్లొమా కోర్సులో (బడి చదువులో చివరి రెండేళ్లు) ప్రతి విద్యార్థీ తాను ఎంచుకున్న అంశంపై 4,000 పదాలకు మించకుండా ఒక పరిశోధన వ్యాసం రాయాలి. ప్రతి ఆధారాన్నీ ఎక్కడి నుంచి తీసుకున్నదీ చూపాలి. మన పిల్లల తెలివికి ఇది అందనిదేమీ కాదు. కానీ ఇక్కడ ప్రాజెక్టు అనగానే తండ్రి జిరాక్స్ షాపుకు వెళ్లి నాలుగు రంగుల పేజీలు తీయించి తెస్తాడు, పిల్లవాడు వాటిని చార్టు మీద అతికిస్తాడు. ఎలా వెతకాలో వాడికి ఎవరూ నేర్పలేదు, నేర్పవలసిన మనిషి బడిలో లేరు.

నేను చూసిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పుస్తకాలకు కొరత లేదు. అవి బీరువాల్లో ఉన్నాయి, తాళం ఏదో ఒక సబ్జెక్టు ఉపాధ్యాయుని దగ్గర ఉంది. ఆయనను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. తన పీరియడ్లన్నీ చెప్పుకుంటూ అదనంగా మోస్తున్న బాధ్యత అది; బదిలీ అయిన రోజున స్టాకు రిజిస్టరు ప్రకారం పుస్తకాలన్నీ లెక్క చూపి చార్జి అప్పగించాలి, తగ్గినవాటికి తానే జవాబు చెప్పుకోవాలి. అటువంటప్పుడు ఎవరైనా తాళమే వేస్తారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) మాత్రం, ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని, అందులో నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేకపోతే చాలునని, వెయ్యి రూపాయలకు మించిన పుస్తకాలు, అరుదైన పుస్తకాలు పోతే మాత్రమే తప్పక విచారించాలని 215వ నియమంలో స్పష్టంగా చెబుతున్నాయి. ఇలాంటి భరోసా మన ప్రధానోపాధ్యాయులకు కూడా రాతపూర్వకంగా అందితే బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

పాఠం చెప్పడం, గ్రంథాలయం నడపడం రెండు వేర్వేరు వృత్తులన్న భావన కూడా పోవాలి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు కాకముందు కళాశాలలో గణితం బోధించినవారే.

ఇంకొక విషయం. మా పాఠశాలలో కొరియన్, జపనీస్ పిల్లల కోసం వాళ్ల మాతృభాషల్లో పుస్తకాలకు విడిగా అరలు ఉండేవి, అక్కడి తెలుగు కుటుంబాల కోసం నేనూ ఒక తెలుగు అర పెట్టగలిగాను. నగరి, సత్యవేడు, కుప్పం ప్రాంతాల్లో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి బడికొచ్చే పిల్లలు, చిత్తూరు పట్టణంలో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల ఇంటి భాషలో పది కథల పుస్తకాలు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ పిల్లలు తెలుగులోనూ త్వరగా చదువరులవుతారని ఉపాధ్యాయినిగా నా అనుభవం.

బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని రాసుకున్న ప్రైవేటు పాఠశాలలకు లక్షల్లో ఫీజులు కట్టే తల్లిదండ్రులు, ఏసీ గదులతో పాటు లైబ్రరీ కూడా చూపించమని, దానిని చూసేవారి అర్హత ఏమిటని, పిల్లవాడు వారానికి ఎన్ని పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చునని ప్రవేశాలప్పుడే అడగాలి.

ప్రభుత్వ బడుల విషయంలో రెండు జిల్లాల విద్యాశాఖాధికారులకు నా విన్నపం ఇది. బి.ఇడి.తో పాటు లైబ్రరీ సైన్సు చదివినవారిని పెద్ద ఉన్నత పాఠశాలల్లోనైనా నియమించాలని ప్రభుత్వానికి ప్రతిపాదన పంపండి. అది మంజూరయ్యేలోగా, నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేనాటికైనా, వారానికో లైబ్రరీ పీరియడ్ తప్పనిసరి చేస్తూ, సహజంగా పోయిన పుస్తకాలకు ఇన్‌చార్జి ఉపాధ్యాయుని బాధ్యుణ్ణి చేయబోమని చెబుతూ ఒక ఉత్తర్వు ఇవ్వండి. టైంటేబుల్ తయారీలోను, పుస్తకాలు సర్దడంలోను ఏ బడి పిలిచినా వెళ్లి సాయపడటానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక మాజీ ఉపాధ్యాయిని, గ్రంథపాలకురాలు,
తిరుపతి