గ్యాస్ కోసం వచ్చిన ఓడ భూకంపం కోసం రాదా?

సంపాదకులకు,

సముద్రంలో బోర్లు వేయడం వల్లే భూకంపాలు వస్తున్నాయని మా వైపు చాలామంది నమ్ముతారు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర పుట్టిన 5.3 తీవ్రత భూకంపం విజయవాడ దాకా తెలిసినప్పుడు ఈ మాట ఇంకా ఎక్కువగా వినిపించింది. పల్నాడులో రాయి, బాపట్ల వైపు ఇసుక తొలిచి బతికిన బోర్ల కాంట్రాక్టర్ని. అందుకే ఈ ఉత్తరం.

జానెడు వెడల్పు బోరు, భూమి పై పొరలోని పెద్ద రాతి పలకల మధ్య వందల కిలోమీటర్లు సాగే పగులును కదిలించలేదు. (నీటిని ఒత్తిడితో లోపలికి ఎక్కించడం వేరే సంగతి, అక్కడ జాగ్రత్త కావాల్సిందే.) అసలు భూకంపం ఎందుకు అంత పెద్దదైందో తెలియాలంటే పగులు దాకా బోరు దించి, అక్కడి మట్టి పైకి తెచ్చి చూడాలి. 2011 మార్చి సునామీ తర్వాత జపాన్ ఏడాదికే ఆ పని చేసింది. చిక్యు అనే ఓడ దాదాపు 6,900 మీటర్ల నీటిలోంచి పైపులు దించి, అడుగున ఇంకో 850 మీటర్లు తొలిచింది. అంత తొందర దేనికంటే, పలకలు రాసుకున్నప్పుడు పుట్టిన వేడి మెల్లగా చల్లారిపోతుంది. బోరులో వదిలిన థర్మామీటర్లను 2013లో తీసి చూస్తే, పగులు దగ్గర మిగిలిన అదనపు వేడి డిగ్రీలో మూడో వంతు కూడా లేదు. అంటే రాపిడి చాలా తక్కువ. పైకొచ్చిన మట్టి కూడా అదే చెప్పింది: అయిదు మీటర్ల మందం కూడా లేని జారుడు బంకమట్టి పొర. దాని మీద సముద్రపు అడుగు యాభై మీటర్ల దాకా జరిగిపోయింది.

అన్నిసార్లూ ఇలా కుదరదు. అదే ఓడ జపాన్ దక్షిణ తీరం పక్కనున్న నాంకాయ్ పగులు దగ్గర సముద్రపు అడుగు కింద 5,200 మీటర్లు చేరాలని 2018లో వెళ్లి, బోరు సహకరించక 2019లో 3,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. మూడొందల అడుగుల్లో రాడ్డు ఇరుక్కుంటేనే మాకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు.

ఇక మన సంగతి. 2004 డిసెంబరు 26న పౌర్ణమి స్నానాలకు మంగినపూడి వెళ్లినవాళ్ల మీద పడిన అల సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు చీలిన పగులులో పుట్టింది. అందులో పెద్ద ముక్క మన నీళ్లలోనే ఉంది. 2016లో జాయిడెస్ రిజల్యూషన్ అనే అమెరికా ఓడ సుమత్రా పక్కన కిలోమీటరున్నర తొలిస్తే, గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి మోసుకెళ్లిన ఒండ్రు పైకొచ్చింది. అది పలకతోపాటు కిందికి దూరకముందే తనలోని నీటిని వదిలి గట్టిపడిందని, అందుకే చీలిక అంత పైదాకా పాకి పెద్ద అల లేచిందని శాస్త్రవేత్తలు అంటున్నారు. జపాన్‌లో మెత్తదనం, సుమత్రాలో గట్టిదనం! ఒకచోటి లెక్క ఇంకోచోట పనికిరాదు. పల్నాటి లెక్కతో రేపల్లెలో బోరు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అండమాన్ సంగతి అండమాన్ దగ్గరే తొలిచి చూడాలి.

అమెరికా ఓడ 2024లో పని ఆపేసింది. 2006లో అదే ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌కు, అండమాన్‌కు వచ్చింది. 2015లో చిక్యు కూడా మన తీరానికి వచ్చింది. రెండుసార్లూ మనం తెప్పించుకున్నది గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే సముద్రపు అడుగున మంచులా గడ్డకట్టి ఉండే గ్యాస్ కోసం. గ్యాస్ వెతకొద్దని నేను అనను. దానికి దొరికిన డబ్బు దీనికి ఎందుకు దొరకదనే నా ప్రశ్న. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది, మంచిదే. కానీ అది మాట్లాడేది భూమి కంపించాకే. ఏ పగులు ఎంత అల లేపగలదో ముందే తెలిస్తే సూర్యలంకలో, నిజాంపట్నంలో ఏది ఎంత ఎత్తున కట్టాలో లెక్క వేసుకోవచ్చు.

చిక్యును మళ్లీ రప్పించి అండమాన్ పగులు మీద ఒక్క బోరైనా వేయించమని బాపట్ల, మచిలీపట్నం ఎంపీలు పార్లమెంటులో అడగాలి. రోడ్లు, రైల్వే గేట్లలాగే ఇదీ వాళ్ల నియోజకవర్గం పనే.

– ఒక బోర్ల కాంట్రాక్టరు, బ్రాడీపేట, గుంటూరు