మడమ నుంచి ఒక్క రక్తపు చుక్క: ఆరోగ్య మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

మా చెల్లి కొడుక్కి నోట్లో తెల్లపూత పోనేలేదు. బీసీజీ (క్షయ టీకా) వేసినచోట పుండు మానక చీము కారేది. "అదే తగ్గుతుందిలేమ్మా" అంటూ నాలుగు నెలలు తిప్పారు. చివరికి స్కిడ్ అని తేలింది, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేదట. అప్పటికే పిల్లాడు ఐసీయూలో.

దీనికి మూలకణ మార్పిడి, అంటే వేరొకరి ఎముక మజ్జ కణాలు ఎక్కించే చికిత్స, 1968 నుంచే ఉంది. మూడున్నర నెలల్లోపు, ఇన్ఫెక్షన్ సోకకముందే చేస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. పుట్టగానే మడమ రక్తంతో ట్రెక్ అనే పరీక్ష (రోగనిరోధక కణాలు తయారవుతున్నాయో లేదో చూసేది) చేస్తే ముందే పట్టుకోవచ్చు. కేంద్రం అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది, మన నిమ్స్‌లోనే దరఖాస్తు. అక్కడిదాకా చేరడానికి పిల్లాడికి ఊపిరుండాలి కదండీ!

ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో ఆ పరీక్ష పెట్టించండి. ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డ ఇలా పోయుంటే, ఫలితం వచ్చేదాకా బీసీజీ ఆపమనండి, రోగనిరోధక శక్తి లేని బిడ్డకు ఆ టీకాయే ముప్పు.

ఇట్లు,
ఓ పెద్దమ్మ, మలక్‌పేట, హైదరాబాద్