ఊకెనే రాస్తున్న, బిడ్డా

బిడ్డా ప్రసన్నా,

మంచిగున్నవా? ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. నువ్వు ఫోన్ ఎత్తుతలేవు. ఎత్తినా "డ్యూటీల ఉన్న అమ్మా, మళ్ల చేస్త" అని పెట్టేస్తున్నవు. ఆ మళ్ల అనేది ఎప్పుడొస్తదో తెలుస్తలేదు. అందుకే కాయితం మీద పెడుతున్న. పెద్ద పని ఏం లేదు, ఊకెనే.

భద్రకాళి చెరువు దిక్కు చలి మొదలైంది. బాపుకు మోకాలు మళ్ల పట్టుకున్నది, చెప్తె వినడు, స్కూటరే అంటడు. చిక్కుడు తీగ గోడ దాటి సుగుణక్క వాళ్లింట్లకు పోయింది. కాయలన్నీ వాళ్లకే, నీళ్లు పోసుడు మాత్రం మనం. తమ్ముడు నీ గదిల చదువుతున్న అని తలుపేసుకుంటడు, ఏం చదువుతున్నడో ఆ దేవునికే ఎరుక.

మొన్న సారయ్య మామ వచ్చిండు. పోయిన శనివారం కాజీపేట స్టేషన్ల నిన్ను చూసిన్నన్నడు. బండి దిగి, సంచి ఒళ్లె పెట్టుకొని బెంచి మీద శానాసేపు కూసున్నవట. తర్వాత సికింద్రాబాద్ పోయే బండెక్కినవట. సారయ్య మామకు కంట్లె శుక్లం, తమ్ముణ్ని చూసి బాపు అనుకుంటడు. కాబట్టి నేను నమ్మలే. అడుగుత కూడ లేను.

ఇక నీ నర్సింగ్ నైట్ డ్యూటీ సంగతి. రాత్రి ఎనిమిదికి ఎక్కేదుంటె మధ్యాహ్నం గంటన్నరన్న పండుకో. పోయే ముందు కడుపు నిండ బువ్వ తిను. నడి రాత్రి బిర్యానీలు తినేటోళ్లను చూస్తున్న, రెండింటికి కుర్చీల తూగుతరు. పన్నెండు, ఒంటి గంట మధ్యల ఇంత పెరుగన్నమో అరటిపండో చాలు. మూడు దాటినంక చాయ్ తాగకు, అది ఒంట్ల ఐదారు గంటలు ఉంటది, పొద్దున పండుకుంటె నిద్ర పట్టది. హాస్టల్‌కు వచ్చినంక కిటికీకి చద్దరు కట్టి చీకటి చేసుకో, ఫోన్ సైలెంట్‌ల పెట్టు. నాకు కోపం రాదు. డ్యూటీ ఎక్కే ముందు "పోతున్న" అని ఒక్క మాట పంపు, అంతే.

ఐరన్ గోలీలు చాయ్‌తోని మింగుతున్నవేమో. చాయ్, పాలు, కాల్షియం గోలీ, వీటికీ ఐరన్‌కూ రెండు గంటల ఎడం ఉండాలె, లేకుంటె ఒంటికి పట్టది. నిమ్మకాయ నీళ్లతోనన్న, జామకాయతోనన్న వేసుకో. విరేచనం నల్లగ వస్తె భయపడకు. హిమోగ్లోబిన్ 12 దాటంగనే ఆపకు, ఇంకో మూడు నెలలు వేసుకుంటెనే ఒంట్ల నిల్వ నిండుతది. ఇవన్నీ నీకు క్లాసుల చెప్పిన్రు, నాకు తెలుసు. రోగికి చెప్పుడు వేరు, సొంతంగ మింగుడు వేరు.

ఒక్కపొద్దుల గురించి నాయనమ్మ అడిగితె నా పేరు చెప్పు. డ్యూటీ ఉన్న సోమవారం ఒక్కపొద్దు వద్దు. ఆఫ్ ఉన్న సోమవారం పాలు, పండ్లతోని ఉండు, గుడికి పో, ఎవలు వద్దన్నరు? శివునికి పన్నెండు గంటలు నిలబడి కండ్లు తిరిగి పడేటోళ్ల భక్తి అవసరం లేదు. కొండగట్టు అంజన్న దారం మణికట్టుకు ఉంటె విప్పు. తడిసిన దారం కింద సబ్బు పోదు, శానిటైజర్ పోదు, అక్కడనే క్రిములు నిలుస్తయి. జబ్బకు కట్టుకో, లేకుంటె పర్సుల పెట్టుకో. బొట్టు ఉండనీ. గోర్ల రంగు మాత్రం తీసెయ్యి, ఆక్సీమీటర్ పెట్టినోళ్లెవరికైనా నువ్వే చెప్తవు ఆ మాట.

ఇట్ల ఒక్కపొద్దులంటె ఒక పిల్ల యాదికొచ్చింది. మా వార్డుకు పోస్టింగ్‌కు వచ్చింది, సెకండ్ ఇయర్, పరకాల దిక్కు. చేతి పని మంచిది, పేరు వద్దులే. జోడీ పిల్లతోని ఏదో మాటమాట వచ్చి ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరికి కలిపి ఆరు మంచాలు ఇస్తె, మూడు నీయి, మూడు నాయి అని పంచుకున్నరు. ఆ రోజు శనివారం, ఈ పిల్లకు ఒక్కపొద్దు. ఒక షుగర్ పెద్దమనిషికి టిఫిన్‌కు ముందు ఇన్సులిన్ 20 యూనిట్లు రాసి ఉన్నది. సీసా మనకు మామూలుగ వచ్చే 40 ది, అంటె ఒక ఎమ్మెల్‌ల 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలె. ట్రేల అవి అయిపోయినయి, నారింజ మూతవి ఉన్నయి. అవి 100 సీసాకు. ఈమె నారింజ మూతది తీసి 20 గీత దాక లాగింది. గీత మీద 20 అనే ఉన్నది కద! కాని ఆ సిరంజిల 20 గీతంటె 0.2 ఎమ్మెల్. 40 సీసా మందు అంత లాగితె వచ్చేది 8 యూనిట్లు. ఇరవై పోవాల్సిన చోట ఎనిమిది పోయింది. పక్కన నిలబడి చూడాల్సిన స్టాఫ్ తర్వాత వచ్చి సైను పెట్టింది. కాబట్టి తప్పు పిల్ల ఒక్కదానిదే అంటె నేనొప్పుకోను.

అక్కడికే అయితె పెద్ద ముప్పు కాకపోవు. ఆ రోజు షుగర్ 380 వచ్చింది. 20 సరిపోతలేదనుకొని డాక్టర్ మరునాటికి 30 రాసిండు. మరునాడు పొద్దుగాల స్టోర్ నుంచి ఎర్ర మూతవి వచ్చినయి, ఇంకో స్టాఫ్ సక్కగ కొలిచి 30 ఇచ్చింది. అసలైతె 20 కే అదుపుల ఉండాల్సిన మనిషి ఆయన. పదకొండింటికి చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. చూస్తె 52. స్పృహ ఉన్నది కాబట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపిన్రు, పావుగంటకు మళ్ల చూస్తె 78. అటెన్క బువ్వ పెట్టిన్రు. స్పృహ లేకుంటె నోట్లె చుక్క పొయ్యద్దు, నరంలకు డెక్స్‌ట్రోస్, అంటె గ్లూకోజ్ పెట్టుడే.

ఎట్ల బయటపడ్డదంటవా? ఆ మాటల్లేని జోడీ పిల్లతోనే. ముందు రోజు ట్రేల నారింజ మూత పడి ఉన్నది చూసిందట. చూసి, నాకెందుకు అని ఊకున్నదట. మాటలుంటె "ఏమే, ఈ మూతేంది?" అని అప్పుడే అడుగు. తిరకాసు ఇంకో తీరుగ కూడ అయితది: 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితోని 20 గీతకు లాగితె 50 యూనిట్లు పోతయి. అది చక్కెర నీళ్లతోని తేలే పని కాదు. సీసా మీది అంకె, మూత రంగు రెండూ నోటితోని పైకి చదువు, పక్కన పిల్లను కూడ చదవమను. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే హెపారిన్, పొటాషియం, రక్తం, వీటికి రెండో మనిషి చూడంది చెయ్యి పెట్టకు. పొటాషియం క్లోరైడ్‌నైతె కలపకుండ నేరుగ నరంలకు ఇచ్చుడు అసలే వద్దు, గుండె ఆగుతది.

రెండో మనిషి అంటె, నీ దోస్తు మెర్సీ ఎట్లున్నది? ఊకెనే అడుగుతున్న. నేను ఫోన్ చేస్తె "బాగున్న ఆంటీ, మీరు బాగున్నరా" అన్నది గాని నీ పేరు ఎత్తలే. ఎప్పుడూ మొదలు నీ ముచ్చటనే చెప్పే పిల్ల.

సద్దుల బతుకమ్మ నాడు నీ నైట్ డ్యూటీ ఆ పిల్లనే చేసింది. నువ్వు ఇక్కడ తంగేడు, గునుగు పేర్చి మలీద ముద్దలు తిన్నవు. బదులుకు డిసెంబర్ 24 రాత్రి ఆమెది నువ్వు చేస్తనన్నవు. మీ అత్తమ్మేమో చిన్ని నిశ్చితార్థం 25 పొద్దుగాల పెట్టింది, పంతులు ఆ ముహూర్తమే చెప్పిండట. "నువ్వు రాకుంటె నీ పెండ్లికి మేం రాం" అని నీకు ఫోన్‌ల అన్నదని చిన్ని చెప్పింది. అటు మెర్సీకి రానని చెప్పలేక, ఇటు అత్తమ్మకు రానని చెప్పలేక, ఇంటికొచ్చి నాతోని చెప్పుకుందామని బయలెల్లి, బాపు ఏమంటడో అని కాజీపేట నుంచే మర్లిపోయినవని నేను అనుకుంటలేను. సారయ్య మామకు శుక్లం ఉన్నది కద.

24 రాత్రి డ్యూటీ నువ్వే చెయ్యి. అత్తమ్మకు నేను చెప్త. బాపుతోని చెప్పిస్తె ఆయన చెల్లె ముందల మెత్తబడతడు, నేనే చెప్త. మెర్సీ వాళ్లది ఏటూరునాగారం అవతల. అంత దూరం పోయి చర్చిల అర్ధరాత్రి ఆరాధనకు అమ్మానాన్నల పక్కన నిలబడుడు ఆ పిల్లకు ఏడాదికి ఒక్కసారి దొరుకుతది. చిన్ని పెండ్లి ఇంకా ముందున్నది, అప్పుడు నాలుగు రోజులు ముందుగాల వద్దువుగాని. 25 పొద్దున డ్యూటీ దిగి ఆగమాగం బస్సెక్కి రాకు. పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి నిశ్చితార్థంల తూగితె ఆ ముచ్చట పదేండ్లు చెప్పుకుంటరు మనోళ్లు.

డ్యూటీ మార్చుకునుడు నోటి మాట మీద పెట్టుకోకు. కాయితం మీద తేదీ, షిఫ్టు, ఇద్దరి సైన్లు ఉండాలె. వార్డు ఇన్‌ఛార్జి, మీ ట్యూటర్ కూడ సైను చెయ్యాలె, ఫోటో తీసి పెట్టుకో. లేకుంటె రిజిస్టర్ల మెర్సీకి ఆబ్సెంట్ పడతది. థియరీకి 80 శాతం ఉంటె పరీక్షకు కూసోనిస్తరు, అంటె 20 గంటల సబ్జెక్టుల 4 గంటలు పోతె ఇక సందు లేదు. క్లినికల్ అట్ల కాదు, డిగ్రీ చేతికొచ్చే లోపల 100 శాతం నిండాలె. పోయిన డ్యూటీ సెలవులల్ల చెయ్యాల్సి వస్తది. లాగ్ బుక్ సైన్లు ఏ రోజువి ఆ రోజే పెట్టించుకో, పోస్టింగ్ అయిపోయినంక ఆ స్టాఫ్ ఎక్కడుంటదో, నువ్వెక్కడుంటవో.

ఇక నుంచి రోస్టర్ రాంగనే ఫోటో తీసి మనింటి గ్రూపుల పెట్టు. ఏ రోజు రాగలవో ఏ రోజు రాలేవో దాని మీదనే గీత పెట్టు. అప్పుడు పెద్దమ్మ, అత్తమ్మ, సుగుణక్క ఎవలడిగినా నువ్వు జవాబు చెప్పే పని లేదు, కాయితం చెప్తది. ప్రతి పురుడుకూ, ప్రతి బోనానికీ నువ్వు ఉండాలని నాకైతె లేదు. చదువు అయ్యేదాక లేకపోయినా మాకేం తక్కువ కాదు. చెప్పకుండ ఉండుడే నాకు నచ్చది.

ఫార్మకాలజీ ఒక్కదానివే బట్టీ పట్టకు. మందుల గుంపు పట్టి చదువు: పేరు చివర ఓలాల్ ఉన్న మందులు ఇచ్చే ముందు నాడి చూడాలె, చివర ప్రిల్ ఉన్నవాటికి పొడి దగ్గు, పొటాషియం చూసుకోవాలె. ఒకలు అడుగుడు, ఒకలు చెప్పుడు. డ్రిప్ లెక్క కూడ అట్లనే చెయ్యండి. 500 ఎమ్మెల్ 4 గంటలల్ల పోవాలంటె, ఎమ్మెల్‌కు 20 చుక్కలు పడే సెట్ అయితె నిమిషానికి 42 చుక్కలు, 15 పడేదైతె 31. ముందుగాల సెట్ కవర్ మీద చదివినంకనే లెక్క. మొన్నటి ఇంటర్నల్ మార్కులు నువ్వు చెప్పలే, నేనడగలే.

హెపటైటిస్ బి మూడో సూది అయ్యిందా? మొదటి దానికి ఆరు నెలలకు పడాలె. అయినంక నెల, రెండు నెలల మధ్యల టైటర్, అంటె ఆ సూది ఒంటికి పట్టిందా అని చూసే రక్త పరీక్ష చేయించుకో, 10 దాటాలె. సూది గుచ్చుకుంటె పిండకు, సబ్బుతోని నీళ్ల కింద కడిగి అప్పటికప్పుడే చెప్పు. సిగ్గుపడి రాత్రంత దాచుకున్న పిల్లలున్నరు. హెచ్‌ఐవీ రాకుండ ఇచ్చే మందు ఎంత తొందరగ మొదలుపెడితె అంత మంచిది, 72 గంటలు దాటితె పనికిరాదు.

డబ్బా పంపుతున్న. సత్తుపిండి, కారప్పూస, చింతకాయ తొక్కు. రెండు పొట్లాలు కట్టిన, పచ్చ దారం కట్టింది మెర్సీది. నువ్వే చేతికియ్యి, ఆమె మంచం మీద పెట్టి రాకు. డ్యూటీ బూట్లు అక్కడనే కొనుక్కో, సాయంత్రం పూట పో, అప్పుడు పాదం ఉబ్బి అసలు సైజు తెలుస్తది. డబ్బులు బాపు వేస్తడు.

ఇంకొకటి. నాయనమ్మ నీ పేరు మీద మేడారం మొక్కుకున్నది, నిలువెత్తు బంగారం. జాతరకు నీకు పరీక్షలుంటె రావద్దు, నీ బరువు చెప్తె అంత బెల్లం మేమే తూకం వేయించి సమ్మక్కకు ఇస్తం. కాబట్టి పొద్దుగాల ఏం తినకముందు, చెప్పులు విడిచి, వార్డుల పెద్ద తూకం మీద నిలబడి చూసి రాయి. బెల్లం కోసమే అడుగుతున్న. ఎండాకాలం 49 ఉండె. అంతకన్న తక్కువ వస్తె బెల్లం సంగతి తర్వాత, నాకు ఫోన్ చెయ్యి.

అమ్మ