స్కోప్ కంటే ముందు కట్టె చూడాలి

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలోని మనవాళ్ల తుపాకీ సరదాల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాత మిలటరీ రైఫిల్ కొని కొత్త స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగిస్తే ఇక గురి తప్పదన్నట్టు రాశారు. నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరై పర్లాకిమిడిలో ఉంటున్నాను. పాతపట్నం మీదుగా మీ పేపరు మాకు కాస్త ఆలస్యంగా వస్తుంది, అందుకే ఈ ఉత్తరమూ ఆలస్యం.

టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడికీ ఇదే సరదా. వాడు కొన్నది మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 2ఏ1. 1962 చైనా యుద్ధం తర్వాత, బ్రిటిష్ కాలంనాటి పాత .303 రైఫిల్ నమూనానే తీసుకుని 7.62 మి.మీ. తూటాకు సరిపడేలా గట్టి ఉక్కుతో చేసిన రైఫిల్ అది. తర్వాత సర్‌ప్లస్ కింద అమెరికా చేరింది. "మామయ్యా, రిసీవర్‌కి డ్రిల్లు వేయించి స్కోప్ పెట్టించనా?" అని ఫొటోలు పంపాడు. రిసీవర్ అంటే బ్యారెల్ వెనక బోల్టు కదిలే ఇనుప భాగం. వద్దురా అన్నాను. వేసిన రంధ్రం మళ్లీ పూడదు, పాత వస్తువుగా దానికున్న ధరా పడిపోతుంది. పైగా స్కోప్ సరిగ్గా నడినెత్తిన కూర్చుంటే క్లిప్పుతో ఐదు తూటాలు ఒకేసారి లోపలికి తోయడం కుదరదు, ఒక్కొక్కటే పెట్టుకోవాలి.

ఈ రకం రైఫిల్‌కి బ్యాక్ సైట్, అంటే గురి చూసే వెనక రేకు, బ్యారెల్ మీదే ఉంటుంది. దాని పిన్ను కొట్టి, రేకు తీసి, ఆ చోటే బిగించే మౌంట్లు (స్కోప్‌ను పట్టే దిమ్మలు) దొరుకుతాయి. మామూలు స్కోప్ కంటికి మూడు నాలుగు అంగుళాల్లో ఉండాలి కాబట్టి అంత ముందుకు పెడితే పనికిరాదు. దూరం నుంచి చూసే స్కౌట్ స్కోప్ కావాలి. తీసిన రేకునూ పిన్నునూ కవరులో దాచుకుంటే ఎప్పుడైనా తిరిగి పెట్టుకోవచ్చు.

మీ వ్యాసంలో కట్టె ఊసే లేదు. బ్యారెల్ కింద ఉండే కట్టె, వెనక చివర రిసీవర్‌కి ఆనుకునే చోట, ఏళ్ల తరబడి దెబ్బలకు అరిగిపోతుంది. నూనె తాగి నల్లబడి, గోరు గుచ్చితే దిగేంత మెత్తబడిన కట్టెలు నేను చాలా చూశాను. ఇక్కడ వదులైతే గుళ్లు ఒకచోట పడవు, లక్ష రూపాయల స్కోప్ పెట్టినా అంతే. కట్టె చీలకుండా ఇషాపూర్ వాళ్లు అడ్డంగా ఒక స్క్రూ కూడా వేసేవారు. ఆ తర్వాత బ్యారెల్ మూతి చూడాలి. బ్యారెల్ లోపల తుడిచే పుల్‌త్రూ తాడును వంకరగా లాగి లాగి మూతి ఒకవైపు అరగదీసిన జవాన్లను ఎంత తిట్టానో!

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు దొరికిన ప్రతి రైఫిల్‌కీ స్కోప్ తగిలించలేదు. వాళ్ల .303 నంబర్ 4 రైఫిళ్లలో బాగా గురి కుదిరినవి ఏరి, స్కోప్ బిగించడానికి హాలండ్ అండ్ హాలండ్ అనే తుపాకుల కంపెనీకి పంపేవారు. బట్‌కి (భుజానికి ఆనే కట్టెకు) చెంప ఆనేందుకు చెక్క దిమ్మ బిగించి, స్కోప్ నంబరు ఆ రైఫిల్ కట్టె మీదే కొట్టేవారు. దీని స్కోప్ దానికి మార్చేది లేదు. మావాడు ఆ దిమ్మ సంగతి విని తోలు ప్యాడ్ కొన్నాడు, అదీ పనికొస్తుంది. అది లేకపోతే తల పైకెత్తి చూడాలి, ప్రతిసారీ కన్ను వేరే చోట ఉంటుంది.

ఇదంతా చదివి మా వైపు కుర్రాళ్లు ఉత్సాహపడొద్దు. మన దేశంలో .303 నిషేధిత బోరు (తూటా సైజు), మామూలు పౌరులకు లైసెన్సు రాదు. అదే లోపలి నిర్మాణంతో ఇషాపూర్ చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్ మాత్రం లైసెన్సు మీద ఉంచుకోవచ్చు. తాతగారి పేరున ఉన్న రైఫిల్‌కి మనవడు స్కోప్ వెతకడం కంటే ముందు కలెక్టరేట్‌కి వెళ్లి లైసెన్సు సంగతి తేల్చుకోవాలి. గజపతి జిల్లా కొండల్లో లైసెన్సు లేకుండా ఇలాంటి వాటితో దొరికితే సరదా అని చెప్పి తప్పించుకోలేరు.

మరో మాట. మీరు వేసిన ఫొటోలో స్కోప్‌ను పట్టి ఉంచే వెనక రింగుకి ఒక స్క్రూ లేదు. రైఫిల్ యజమాని మీకు తెలిసినవారైతే, మళ్లీ రేంజికి వెళ్లేలోపు ఫోన్ చేసి చెప్పండి.

ఒక మాజీ ఆర్మరర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా