మా గుర్రప్పిల్ల గురక ఏందో కనిపెట్టి బతికించిన అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. మా గుర్రప్పిల్ల చిట్టికి మద్రాసులో ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు సప్పుడు లేకుండా పాలు తాగతా ఉండాది. ముందు ఆ మాట చెప్పేశా, ఎందుకంటే దాని గురక వీడియో పెట్టిన కాడి నుంచి ఎంతమంది ఫోన్లు చేసి అడిగారో నాకే లెక్క లేదు, ఒక్కొక్కళ్ళకీ చెప్పలేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తన్నా.

తెలియనోళ్ళ కోసం, మాది నెల్లూరు, మా నాయన కాలం నుంచి పెళ్ళిళ్ళకి గుర్రాలు పంపిస్తాం, సెలవుల్లో మైపాడు బీచ్ కాడ పిల్లోళ్ళని ఎక్కిస్తాం. మా ఆడగుర్రం ఈనింది, ఆడపిల్ల పుట్టింది, మొదట్లో బాగానే ఉండె. కొన్నాళ్ళకి పాలు తాగేటప్పుడు గురక లాగా గొర్రుగొర్రుమని మొదలైంది, రాన్రానూ నిద్రలో కూడా వస్తా ఉండె, ఒకోసారి ముక్కులోంచి పాలు కారేవి. చూసినోళ్ళంతా నిమ్ము చేసిందన్నారు. నీలగిరి తైలం రుద్దమన్నారు, వాత పెట్టమని కూడా చెప్పారు, ప్రేమతోనే చెప్పారు పాపం.

మొదటి దండం పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే వచ్చిన డాక్టరమ్మ గారికి. ఆమె రోజూ చూసేది బర్రెలూ గొర్రెలే, అయినా తొందరపడి సూది వెయ్యలేదు. ముందు జ్వరం చూసింది, 101 లోపలే ఉండాది. స్టెతస్కోప్ రొమ్ము మీద పెట్టి చానా సేపు వినింది, తర్వాత అదే గొంతు మీద పెట్టింది. ఆ సప్పుడు గొంతు కాడే గట్టిగా ఉండాది, రొమ్ములో వినపడేది పైనుంచి దిగతా ఉన్నదే అని నాకు కూడా చెవిలో పెట్టి వినిపించింది. రెండు ముక్కురంధ్రాల కాడా చెయ్యి పెట్టి గాలి రెండిట్లోంచీ వస్తా ఉందా లేదా అని చూసింది. ఆ తర్వాత దవడ వెనక, చెవి కింద తడిమితే అక్కడ మెత్తగా ఉబ్బు! మేమంతా బొద్దుగా ఉందనుకుంటా ఉన్న చోటే అది. నొక్కితే నొప్పి లేదు, వేడి లేదు, వేలితో కొడితే డబ్‌డబ్‌మని గాలి సప్పుడు.

స్ట్రాంగిల్స్ అని గుర్రాలకి ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే జబ్బు ఉంది, దాంట్లో కూడా దవడ కాడ వాపు వస్తది, కానీ జ్వరం ఉంటది, గడ్డలు గట్టిగా ఉంటాయి, ముక్కులో చీము కారుద్ది. ఇది అది కాదు, లోపలుండే సంచిలో గాలి నిండిపోయినట్టుంది, కెమెరా పెట్టి చూసే చోటికి తీసకపోండి అని చెప్పింది. పక్కనున్నాయన సూదితో పొడిస్తే గాలి పోద్ది కదా అంటే మాత్రం గట్టిగా వద్దనింది, ఆ సంచి గోడల్లోనే మెదడుకి పోయే పెద్ద రక్తనాళం, మింగడానికి కావాల్సిన నరాలు ఉంటాయంట. తల్లీ, ఆ ఒక్క మాటకి మీకు జన్మంతా రుణపడి ఉంటాం.

రొయ్యల మేత తోలే మా వీధి తమ్ముడు లోడు వదులుకోని బండి తెచ్చాడు, డీజిల్ డబ్బులు తప్ప పైసా తీసుకోలేదు. పాలు తాగే పిల్ల కదా, తల్లిని కూడా ఎక్కించి, ఎండ లేకుండా రాత్రిపూట నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ మీదగా ఆపి ఆపి తీసకపోయినాం.

వేపేరి మద్రాస్ వెటర్నరీ కాలేజీ డాక్టర్లు ఎక్స్‌రే తీస్తే దవడ వెనక గాలి నల్లగా ఇంత పెద్దగా కనపడింది. ముక్కులోంచి సన్న కెమెరా పంపించి, అంగిలిలో చీలిక ఏమీ లేదని కూడా తేల్చారు, అది ఉన్నా పాలు ముక్కులోంచి వస్తాయంట. దీని పేరు గటరల్ పౌచ్ టింపనీ. గుర్రాలకి చెవి నుంచి గొంతుకి పోయే గొట్టం మీద రెండు పక్కలా గాలి సంచులు ఉంటాయి, మనకుండవు. ఆ సంచి మూతి కాడ పొర సరిగా లేకపోతే సైకిల్ ట్యూబు వాల్వు మాదిరి గాలి లోపలికి పోద్ది, బయటికి రాదు. ఉబ్బిన సంచి గొంతుని నొక్కేస్తది. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కొక్కటే దారి, అందుకే అంత గురక. ఆడ గుర్రప్పిల్లల్లోనే ఎక్కువ వస్తదని కూడా చెప్పారు.

మా చిట్టికి ఒక పక్కే ఉండాది కాబట్టి రెండు సంచుల మధ్య గోడకి కంత పెట్టారు, చెడిపోయిన పక్క గాలి ఇప్పుడు మంచి పక్క నుంచి పోతా ఉండాది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము రాకుండా యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. ఆపరేషన్ రోజు తల్లి గుర్రాన్ని అదుపులో పట్టుకోని, మాకు అన్నం పెట్టించిన ఆ కాలేజీ పిల్లలని మర్చిపోలేం, ఒక్క ముక్క తెలుగు రాకపోయినా ఎంత ఓపికో!

ఫోన్‌పేలో డబ్బులు వేసినోళ్ళకి, ముఖ్యంగా కావలి, ఒంగోలు నుంచి ముక్కూమొహం తెలియకుండానే పంపిన అన్నలకి, అక్కలకి చేతులెత్తి దండం. దయచేసి ఇంక వెయ్యొద్దు, సరిపోయినాయి, బిల్లులన్నీ కింద ఫోటోలు పెట్టా. మళ్ళీ చూపించడానికి రమ్మన్నారు, ఆ బండి ఖర్చుకి కూడా ఉండాయి. ముందు తీసిన గురక వీడియో, ఆపరేషన్ తర్వాత వీడియో రెండూ నా దగ్గరే ఉన్నాయి, మీ గుర్రప్పిల్లకి ఇట్టాంటి సప్పుడు ఏమన్నా వస్తా ఉంటే ఏ టైములో అయినా అడగండి, పంపిస్తా.